జంట మాటల చిక్కు విప్పిన ఫౌలర్

1944లో నార్మండీ తీరం మీద దాడికి సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో, ఆ పథకాలకు సంబంధించిన కాగితమొకటి బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ ముందుకు వచ్చింది. అందులో ఒకచోట ‘ఇంటెన్సివ్’ అని ఉంది. చర్చిల్ అక్కడ ఆగారు. ఇక్కడ పడాల్సిన మాట ‘ఇంటెన్స్’ అనీ, ఈ రెంటికీ తేడా ఏమిటో ఫౌలర్ పుస్తకంలో చదువుకోమనీ సైనిక గూఢచార విభాగం డైరెక్టరుకు రాసి పంపారు. అంత పెద్ద యుద్ధం నెత్తిమీద ఉండగా ఒక మాట చివరి అక్షరాల దగ్గర ఆగిన ప్రధాని గురించి చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. నన్ను ఆకట్టుకునేది మాత్రం ఆ పుస్తకానికి అప్పటికే వచ్చిన హోదా. అది అచ్చయి పద్దెనిమిదేళ్లే. రాసింది ఒక మాజీ బడిపంతులు. ఏ చట్టమూ దానికి అధికారం ఇవ్వలేదు. అయినా రెండు మాటల మధ్య తగవు వస్తే దాని దగ్గరికే వెళ్లాలన్న నమ్మకం చదువుకున్నవాళ్లలో స్థిరపడిపోయింది.

ఆ పుస్తకం ‘ఎ డిక్షనరీ ఆఫ్ మోడరన్ ఇంగ్లిష్ యూసేజ్’. 1926లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. రచయిత హెన్రీ వాట్సన్ ఫౌలర్. అక్షరక్రమంలో నడిచే ఏడువందల పైచిలుకు పేజీల్లో ఉచ్చారణ, స్పెల్లింగు, విరామచిహ్నాలు, వాక్యనిర్మాణం అన్నీ ఉన్నాయి. వాటిలో కొంత భాగం నేటి పాఠకుడికి అక్కర్లేకపోవచ్చు. ఆ పుస్తకానికి ప్రాణం మరొకచోట ఉంది. ఒకే కుదుట పుట్టి, ఇంచుమించు ఒకే అర్థంతో పక్కపక్కనే తిరుగుతూ, ఎక్కడ ఏది వాడాలో తోచక రాసేవాణ్ని తికమకపెట్టే జంట మాటలుంటాయి. వాటిని ఆయన విచారించిన తీరులో ఉంది. ఇంగ్లిషు చదువుకున్న తెలుగువాళ్లకు ఈ జంటలు కొత్తేమీ కాదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో పట్టికలుగా కనిపిస్తాయి: ఎడమవైపొక మాట, కుడివైపొక మాట, చెరొక ముక్క అర్థం. బట్టీ పట్టిన మర్నాటికి ఏది ఏదో కలిసిపోతుంది. ఫౌలర్ దగ్గర చదివిన జంట అలా కలిసిపోదు. ఎందుకు కలిసిపోదో చూడటమే ఇక్కడ నా ఉద్దేశం. ఆయన పనితనమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

చర్చిల్ ఎత్తిచూపిన జంటనే తీసుకుందాం. ‘ఇంటెన్స్’ అంటే తీవ్రమైనది: ఎండ, నొప్పి, పగ. ‘ఇంటెన్సివ్’ అనగానే అదే మాటను కాస్త సాగదీసి బరువు పెంచిన రూపమని రాసేవాడు అనుకుంటాడు. పట్టికలు ఇక్కడ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పబోయి తడబడతాయి. ఫౌలర్ దృష్టి ‘ఇంటెన్సివ్’కు ఎదురుగా నిలిచిన మాట మీదికి వెళ్లింది. ఆ మాట ‘ఎక్స్‌టెన్సివ్’. ఒకటి విస్తీర్ణం పెంచి ఫలితం రాబట్టడం. రెండోది విస్తీర్ణం అంతే ఉంచి, అదే చోట శ్రమనూ పెట్టుబడినీ పెంచి ఫలితం రాబట్టడం. ఎదుటి మాట కనబడగానే ఈ మాట హద్దు తేలిపోయింది. ఇక దాన్ని ఉత్త ‘తీవ్రం’ అన్న అర్థంలో వాడబుద్ధి కాదు.

ఈ తేడాకు మన నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. 1960–61లో కేంద్రం దేశంలో మొదట ఏడు జిల్లాల్లో ‘ఇంటెన్సివ్ అగ్రికల్చరల్ డిస్ట్రిక్ట్ ప్రోగ్రామ్’ మొదలుపెట్టింది. ఆ ఏడింటిలో పశ్చిమ గోదావరి ఒకటి. కొత్త భూములు సాగులోకి తేవడం దాని పని కాదు. ఉన్న ఎకరానికే మంచి విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ కలిపి ఒకేసారి అందించడం దాని పద్ధతి. అందుకే దానికి ప్యాకేజీ ప్రోగ్రామ్ అన్న పేరూ వచ్చింది. ఆ పేరులో ‘ఇంటెన్సివ్’ తీసి ‘ఇంటెన్స్’ పెట్టి చూడండి, తీవ్రమైన వ్యవసాయం అన్న అర్థంలేని మాట మిగులుతుంది. ఆస్పత్రిలో ‘ఇంటెన్సివ్ కేర్’ కూడా అంతే. అక్కడ ఒక్కొక్క మంచానికి ఎక్కువమంది నర్సులు, ఎక్కువ పరికరాలు, ఎక్కువ కనిపెట్టుకోవడం ఉంటాయి. ఆ వాడుకను ఫౌలర్ చూడలేదు, కానీ ఆయన గీసిన హద్దులో అది చక్కగా ఇమిడింది. ఒక నిర్వచనం బాగా కుదిరిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను: రాసినవాడికి తెలియని వాడుక కూడా అందులో పట్టాలి.

ఈ చూపు ఆయనకు ఎక్కడ అబ్బింది? హెన్రీ 1858లో ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో చదివి, ఉత్తరాదిన సెడ్‌బర్గ్ అనే ఊళ్లో బడిపంతులుగా పదిహేడేళ్లు పనిచేశారు. హౌస్‌మాస్టరు పదవి తీసుకుంటే పిల్లల్ని చర్చి దీక్షకు సిద్ధం చేయాల్సి ఉంటుంది. తాను నమ్మనిదాన్ని పిల్లలకు చెప్పలేనని 1899లో ఉద్యోగమే వదులుకున్నారు. లండన్‌లో కొన్నాళ్లు వ్యాసాలు రాసి, 1903లో ఇంగ్లిష్ ఛానల్‌లోని గర్న్‌సీ దీవికి చేరారు. అక్కడ తమ్ముడు ఫ్రాన్సిస్ టమాటాలు పండించుకుంటూ ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ దగ్గరదగ్గరగా చెరొక ఇల్లు కట్టుకుని కలిసి రాయడం మొదలుపెట్టారు. గ్రీకు రచయిత లూషియన్‌కు ఇంగ్లిషు అనువాదం 1905లో, ‘ది కింగ్స్ ఇంగ్లిష్’ 1906లో, ‘కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ’ 1911లో వచ్చాయి.

నా లెక్కలో ఆయనను తయారుచేసింది ఈ మూడోది. ఆక్స్‌ఫర్డు వాళ్ల పెద్ద నిఘంటువు అప్పటికింకా పూర్తి కాలేదు. అచ్చయినంత మేరకు దాన్ని ఆధారం చేసుకుని, చివరి అక్షరాల దగ్గర ఆ ఆధారమూ లేకుండానే, ఇద్దరు మనుషులు ఒక దీవిలో కూర్చుని మొత్తం భాషను ఒక్క సంపుటంలోకి తెచ్చారు. పెద్ద నిఘంటువుకు చోటు బోలెడు, ఒక మాటకు పేజీలకు పేజీలు ఇవ్వగలదు. చిన్న నిఘంటువులో మాటకు దొరికేది రెండు మూడు పంక్తులే. ఆ రెండు పంక్తులూ పక్కనున్న మాటకు కూడా అతికేలా ఉంటే నిర్వచనం తప్పినట్టే. ఏళ్ల తరబడి వేల మాటలకు ఈ పరీక్ష పెట్టిన మనిషికి, జంట మాటల మధ్య సందు ఎక్కడుందో కంటికి ఆనడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1915లో యాభై ఏడేళ్ల హెన్రీ తన వయసు నలభై నాలుగని చెప్పి, తమ్ముడితోపాటు సైన్యంలో చేరారు. ఫ్రాన్సులో పోరాటానికి పంపకుండా గిన్నెలు కడగడం, బొగ్గు మోయడం వంటి పనులు అప్పగించారు. హెన్రీ ఆరోగ్యం చెడి తిరిగివచ్చారు. ఫ్రాన్సిస్ క్షయతో 1918లో చనిపోయాడు. ‘యూసేజ్’ పుస్తకం ఇద్దరూ కలిసి వేసుకున్న పథకం, రాయడం మాత్రం ఒక్కడి వంతయింది. పుస్తకాన్ని తమ్ముడికే అంకితం చేస్తూ, అతనే ఉండి ఉంటే ఇందులో సాగదీత తగ్గేది, నిజాలు పెరిగేవి అన్న భావంతో హెన్రీ రాసిన నాలుగు మాటలు ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తాయి.

ఇక పుస్తకం లోపలికి. జంట మాటల గురించి ఆయన ఆలోచనకు మూలస్తంభం ‘డిఫరెన్షియేషన్’ అన్న వ్యాసం. భాషలోకి ఒకే మాట రెండు దారుల్లో, రెండు రూపాల్లో వస్తే, రెండూ ఒకే పని చేస్తూ ఎక్కువకాలం ఉండవు, క్రమంగా పని పంచుకుంటాయి అంటారు ఆయన. ‘హ్యూమన్’, ‘హ్యూమేన్’ ఒకప్పుడు ఒకే మాట. ఇప్పుడు మొదటిది మనిషికి చెందినది, రెండోది దయగలది. ‘అర్బన్’ పట్టణానిది, ‘అర్బేన్’ పట్టణపు మర్యాద ఎరిగినది. ‘కాఫర్’ డబ్బు పెట్టె, ‘కాఫిన్’ శవపేటిక. ప్రకృతి వికృతులు చదువుకున్న తెలుగు పిల్లలకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. భోజనం ప్రకృతి, బోనం వికృతి అని బళ్లో ఒకే గీతకు అటూ ఇటూ రాసుకున్నాం. కానీ బోనాల పండుగనాడు అమ్మవారికి ఎత్తుకెళ్లేదాన్ని ఎవరూ భోజనం అనరు, హోటల్లో ఎవరూ బోనం అడగరు. యాత్ర, జాతర కూడా అలాగే విడిపోయాయి. కాశీకి వెళ్లేది యాత్ర, మేడారంలో జరిగేది జాతర. పుణ్యం, పున్నెం మాత్రం ఇప్పటికీ ఒకే అర్థంతోనే ఉన్నాయి.

ఫౌలర్ గొప్పతనం ఈ విడిపోవడాన్ని జరిగిపోయిన చరిత్రగా కాక, జరుగుతున్న పనిగా చూడటం. కొన్ని జంటలు పూర్తిగా విడిపోయాయి, వాటిని కలపాలన్నా కలవవు. కొన్ని సగం విడిపోయి ఆగాయి. కొన్ని ఇప్పుడే కదులుతున్నాయి. సగంలో ఉన్న జంటల దగ్గర రాసేవాడి చేతిలో ఒక పని ఉంది. తేడా పాటించి రాస్తే ఆ తేడా బలపడుతుంది. పాటించకపోతే పూడిపోతుంది. చట్టంలో మాటలకైతే కాపలా ఉంది. మన నేర చట్టంలో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి చేసే దోపిడీయే ‘డెకాయిటీ’, అంతకు తక్కువైతే ‘రాబరీ’. రెంటినీ కలిపేస్తే కోర్టు ఊరుకోదు. మామూలు మాటలకు అలాంటి సెక్షన్లు లేవు. వాటికి కాపలా రాసేవాళ్లే అన్న స్పృహ ఫౌలర్ పుస్తకంలో ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

ఆయన నిర్వచనం ఎంత బిగువుగా ఉంటుందో చూడాలంటే ‘కంటిన్యువల్’, ‘కంటిన్యువస్’ దగ్గరికి వెళ్లాలి. దీనికి పట్టికలు చెప్పే తేడా అందరికీ తెలుసు: మొదటిది ఆగి ఆగి జరిగేది, రెండోది ఆగకుండా జరిగేది. తప్పు కాదు, కానీ సగమే. ఫౌలర్ ఈ రెంటికీ ఒకే మూసలో రెండు చిన్న నిర్వచనాలు ఇచ్చారు. వాటిలో ఆయన చూసింది విరామాన్ని మాత్రమే కాదు, ముగింపును కూడా. ‘కంటిన్యువల్’ అంటే ఎప్పుడూ సాగుతూనో, మళ్లీ మళ్లీ తిరిగొస్తూనో ఉండేది. దానికి అంతు లేదు, లేదా లేదనిపిస్తుంది. ‘కంటిన్యువస్’కు మొదలూ ఉంది, తుదీ ఉంది. ఆ రెంటి మధ్య తెగు మాత్రం లేదు. ఎంత సన్నటి గీత! వ్యవసాయ మోటార్లకు పగటిపూట తొమ్మిది గంటలు తెగకుండా కరెంటు ఇస్తే అది ‘కంటిన్యువస్’. తొమ్మిది గంటల తర్వాత ఆగిపోయినా ఆ మాట చెల్లుతుంది. ఊళ్లో రోజూ ఏదో ఒక వేళ కరెంటు పోతూనే ఉండటం ‘కంటిన్యువల్’. మనం వీటిని ‘ఏకధాటిగా’, ‘అస్తమానం’ అని ఎన్నడూ తడబడకుండా వేరుచేస్తాం. మూడు గంటలు ఏకధాటిగా వాన కురిసింది అంటాం, వాడు అస్తమానం దగ్గుతూ ఉంటాడు అంటాం. తలకిందులుగా అనమంటే నోరు తిరగదు. ఇంగ్లిషులో ఆ తేడాను రెండు పంక్తుల్లో పెట్టగలిగినవాడు ఫౌలర్. ముగింపు ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటి గుర్తుంటే చాలు, ఈ జంట ఇక చేజారదు.

‘మ్యూచువల్’ దగ్గర ఆయన పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది. దీన్ని ‘కామన్’తో కలిపేసుకోవడం పాత అలవాటు. ఫౌలర్ ఇక్కడ మాటలతో కుస్తీ పట్టకుండా బీజగణితం వైపు వెళ్లారు. ఎక్స్‌కు వై ఏమవుతాడో వైకు ఎక్స్ అదే అయితే ‘మ్యూచువల్’. ఎక్స్, వై ఇద్దరూ జెడ్‌కు ఒకే రకంగా సంబంధించి ఉంటే అది ‘మ్యూచువల్’ కాదు. అంటే నీకూ నాకూ స్నేహితుడైన మూడో మనిషి మన ‘మ్యూచువల్ ఫ్రెండ్’ కాడు. 1864–65లో వచ్చిన డికెన్స్ నవల శీర్షిక ఈ లెక్కన తప్పవుతుంది.

ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాళ్లు ఎవరంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ ఉపాధ్యాయులు. బదిలీల కాలంలో ‘మ్యూచువల్ దొరికిందా?’ అన్నది స్టాఫ్‌రూముల్లో మామూలు ప్రశ్న. ఇక్కడున్న టీచరు అక్కడికి, అక్కడున్న టీచరు ఇక్కడికి మారితేనే అది ‘మ్యూచువల్’ బదిలీ. ఇద్దరూ కలిసి మూడో ఊరికి మారితే దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఫౌలర్ ఎక్స్, వై, జెడ్‌లతో చెప్పిందే ఇది. మన దస్త్రాల్లోకి వచ్చిన ఇంగ్లిషు అన్నిసార్లూ చెడిపోయే రాదు. కొన్నిసార్లు మాట తన పదును పోగొట్టుకోకుండానే వస్తుంది.

అయితే ‘మ్యూచువల్ ఫ్రెండ్’ విషయంలో లోకం ఫౌలర్ మాట వినలేదు. ఆ వాడుక డికెన్స్ కంటే ఎంతో ముందునుంచే ఉంది, నేడు ఫేస్‌బుక్ దాన్ని కోట్లమంది నోట పలికిస్తోంది. దానికో కారణమూ ఉంది. ‘కామన్’ అన్న మాటకు ఉమ్మడి అన్న అర్థంతోపాటు నాసిరకం అన్న అర్థం కూడా ఉంది, స్నేహితుణ్ని ఆ మాటతో పిలవడానికి మనసొప్పదు. ఇలా ఓడిపోయిన చోట కూడా ఫౌలర్ వ్యాసం చదవదగ్గదే, ఎందుకంటే మాట అసలు పని ఏమిటో అక్కడ చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేం.

మిగతా జంటల్లో కొన్నింటిని చూసి ముందుకు వెళ్తాను. ‘డెఫినిట్’ అంటే హద్దులు స్పష్టంగా ఉన్నది, ‘డెఫినిటివ్’ అంటే ఇక మార్పు లేనిది. ఇంటి బేరంలో ఫలానా ఇంత అని స్పష్టంగా చెప్పిన ధర మొదటిది, దాని మీద పైసా తగ్గదన్నది రెండోది. ‘ప్రాక్టికబుల్’ అంటే చేయడానికి వీలైనది, ‘ప్రాక్టికల్’ అంటే చేస్తే పనికొచ్చేది. వీలైన పనులన్నీ పనికొచ్చేవి కావని ప్రణాళికా సంఘాలకు చెప్పనక్కర్లేదు. ‘హిస్టారికల్’ చరిత్రకు సంబంధించిన దేనికైనా చెల్లుతుంది, ‘హిస్టారిక్’ చరిత్రలో నిలిచిపోయేదానికి మాత్రమే. మన రాజకీయ సభలన్నిటికీ ఇప్పుడు రెండో మాటే వాడుతున్నారు.

తప్పు మాట ఎందుకు దొర్లుతుందన్నది కూడా ఫౌలర్ వదిలిపెట్టలేదు. ఇది నాకు ఆయన దగ్గర మరీ ఇష్టమైన గుణం. జంటలో ఒకటి పొడుగ్గా ఉంటే రాసేవాడి చెయ్యి దాని మీదికే పోతుందని ఆయన గమనించారు. ‘ఇంటెన్సివ్’, ‘డెఫినిటివ్’, ‘ఆల్టర్నేటివ్’ మూడూ తమ పొట్టి జంటల చోటును ఆక్రమించడానికి కారణం అర్థం కాదు, నిడివి. పొడుగు మాట మోజు మీద ఆయన విడిగా ఒక వ్యాసం రాశారు. నాజూకు కోసం మామూలు మాటను దాచేసే అలవాటు మీద మరొకటి రాశారు. తప్పు దిద్దడం చాలామంది చేస్తారు. ఆ తప్పు ఏ కోరికలోంచి పుట్టిందో చెబితే, చదివేవాడు తర్వాతి తప్పును తానే పట్టుకోగలడు.

వీటన్నిటిలోకీ నేను తెలుగు పత్రికల్లో పనిచేసే పిల్లలందరి చేతా చదివించాలనుకునేది ‘ఎలిగెంట్ వేరియేషన్’ వ్యాసం. ఒకసారి వాడిన మాట మళ్లీ వాడకూడదన్న భయంతో, అదే వస్తువుకు పంక్తికో పేరు మార్చే అలవాటుకు ఆయన పెట్టిన పేరది. పాఠకుడు అమాయకుడు, మాట మారితే విషయమూ మారిందనుకుంటాడు అన్నది ఆయన వాదానికి సారం. దీని నష్టం మన నేర వార్తల్లో కళ్లకు కడుతుంది. మొదటి పంక్తిలో అనుమానితుడు, రెండో పంక్తిలో నిందితుడు, మూడో పంక్తికి వచ్చేసరికి దోషి. రాసినవాడికి ఇవి మూడు పర్యాయపదాలు. అవతల ఉన్న మనిషికి అవి మూడు వేర్వేరు స్థితులు. పోలీసులు అనుమానించినవాడు ఒకడు, కేసు పెట్టబడినవాడు ఒకడు, కోర్టు తప్పు చేశాడని తేల్చినవాడు ఒకడు. విచారణే మొదలు కాని మనిషికి పత్రిక ఒక మాట మార్చి శిక్ష వేసేసింది. ఇక్కడ సరైన మాట ఎంచుకోవడం శైలికి సంబంధించిన సంగతి కాదు, ఒక మనిషి పరువుకు సంబంధించినది. అదే మాటను నాలుగుసార్లు వాడినా నష్టం లేదు.

ఫౌలర్ ఉదాహరణలు ఎక్కువగా అప్పటి పత్రికల్లోంచి తీసుకున్నవే. పాఠం కోసం అల్లిన వాక్యాల్లో తప్పు ఎప్పుడూ ఎర్రగా మెరుస్తూ కనిపిస్తుంది. నిజంగా అచ్చయిన వాక్యంలో అది చదువుకున్నవాడి కలం కింద, మంచి బట్టలు వేసుకుని కూర్చుని ఉంటుంది. అలాంటి వాక్యాలను వరసగా చదివించి, ఒక్కొక్కటీ ఎక్కడ తప్పిందో చూపించి, వీలైనచోట ఒక్క మాట మార్చి నిలబెడతారు. వ్యక్తి మీదికి వెళ్లకుండా వాక్యం మీదే కోపం చూపడం ఆయన మర్యాద.

రూలు పెట్టేటప్పుడు ఆయన నిజాయితీ ‘దట్’, ‘విచ్’ వ్యాసంలో తెలుస్తుంది. ‘కుళ్లిన కాయలు పారేశాం’ అన్నామనుకోండి. కాయలన్నీ కుళ్లాయా, కుళ్లినవి మాత్రమే ఏరి పారేశామా? తెలుగు వాక్యం దీన్ని సందర్భానికి వదిలేస్తుంది. ఇంగ్లిషులో ఈ రెంటినీ విడదీసే వీలుంది. ఏరి చెప్పేదానికి ‘దట్’, మొత్తానికి అదనపు సమాచారంగా చేర్చేదానికి ‘విచ్’ అని రాసేవాళ్లంతా ఒప్పుకుంటే ఎంతో స్పష్టత వస్తుంది అన్నారు ఫౌలర్. ఆ వెంటనే, ఎక్కువమంది గానీ, మంచి రచయితలు గానీ ఇప్పుడు ఇలా రాస్తున్నారని చెప్పడం దండగ అనీ ఒప్పుకున్నారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పి, ఉండాల్సింది తన సలహాగా విడిగా పెట్టారు. తర్వాత ఈ సలహాను పట్టుకుని, ముఖ్యంగా అమెరికాలో, శాసనంగా మార్చినవాళ్లు ఆ రెండో వాక్యాన్ని వదిలేశారు.

ఆయన పొరబడ్డ చోట్లూ ఉన్నాయి. ‘మాస్టర్‌ఫుల్’ అంటే పెత్తనం చేసేది, ‘మాస్టర్లీ’ అంటే నైపుణ్యం గలది, ఈ విభజన పూర్తయిపోయింది అని ఆయన రాశారు. తర్వాతి కోశకారులు వాడుకలు తవ్వి చూస్తే, ‘మాస్టర్‌ఫుల్’ నైపుణ్యం అన్న అర్థంలో ఆగిపోకుండా నడుస్తూనే ఉందని తేలింది. పైగా ఒక చిక్కు ఉంది: నైపుణ్యంతో చేశాడు అని క్రియావిశేషణంగా చెప్పాలంటే ‘మాస్టర్లీ’కి నోటికి పట్టే రూపం లేదు. ‘మాస్టర్‌ఫుల్లీ’ అనక తప్పదు. ఆ ఒక్క దారిలోంచి అర్థం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అలాగే ‘డిప్రికేట్’ అంటే వద్దని చెప్పడం, ‘డిప్రీషియేట్’ అంటే విలువ తగ్గించడం అని పాత తేడా. ఇవాళ తనను తాను తక్కువ చేసుకునే మనిషిని ఇంగ్లిషువాళ్లంతా ‘సెల్ఫ్ డిప్రికేటింగ్’ అనే అంటున్నారు. ఆ గోడ కూలిపోయింది.

డెన్మార్క్ వ్యాకరణవేత్త ఓటో జెస్పర్సన్‌కు ఫౌలర్ పద్ధతే నచ్చలేదు. భాషను పరిశీలించాల్సింది పోయి నీతి చెబుతున్నాడు అన్నాడు. ఫౌలర్ ఆ మాటను కాదనలేదు. వ్యాకరణవేత్త నిన్నటి వాక్యాలను చూసి నడక రాసుకుంటాడు. ఫౌలర్ రేపటి వాక్యం రాయబోయేవాడి పక్కన కూర్చుంటాడు. ఈ రెండు పనుల్లో ఒకటి గొప్ప, మరొకటి చిన్న అని నేననుకోను. శాస్త్రం జెస్పర్సన్ పక్షానే ఉంది. కలం పట్టుకుని, రెండు మాటల మధ్య ఆగిపోయిన మనిషికి మాత్రం ఫౌలరే ఆసరా.

ఆయన 1933 డిసెంబరులో చనిపోయారు. పుస్తకం ఆగలేదు. తేట ఇంగ్లిషు రాయడం మీద ప్రభుత్వోద్యోగులకు పుస్తకం రాసిన సర్ ఎర్నెస్ట్ గవర్స్ 1965లో దాన్ని సవరించారు, ఫౌలర్ గొంతు చాలావరకు ఉండనిచ్చారు. న్యూజిలాండ్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అనుబంధ సంపుటాలను కూర్చిన రాబర్ట్ బర్చ్‌ఫీల్డ్ 1996లో మూడో కూర్పు తెచ్చారు. అందులో వాడుకల సాక్ష్యం పెరిగింది, ఫౌలర్ తగ్గారు. నాలుగో కూర్పు జెరెమీ బటర్‌ఫీల్డ్ చేతుల్లో 2015లో వచ్చింది. ఇవాళ్టి ఇంగ్లిషులో ఏది చెల్లుతుందో తెలియాలంటే ఈ చివరిదే చూడాలి. పనితనం చూడాలంటే మాత్రం 1926 నాటి మూలప్రతే కావాలి. డేవిడ్ క్రిస్టల్ పరిచయంతోనూ వివరణలతోనూ ఆక్స్‌ఫర్డ్ వాళ్లే 2009లో దాన్ని మళ్లీ వేశారు. క్రిస్టల్ భాషాశాస్త్రవేత్త, ఫౌలర్ ఎక్కడ సాక్ష్యం దాటి మాట్లాడారో ఆయన పరిచయం మొహమాటం లేకుండా చెబుతుంది. మూలాన్ని ఆ పరిచయంతో కలిపి చదవడం మంచిది.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. పెద్ద వ్యాసాలకు ఫౌలర్ పెట్టిన పేర్లు చిత్రంగా ఉంటాయి. కలిసిపోయే జంటల మీద ఒక వ్యాసానికి ‘పెయిర్స్ అండ్ స్నేర్స్’ అంటే జంటలూ ఉచ్చులూ అని పేరు. ఆ పేరు ముందే తెలిస్తే తప్ప అక్షరక్రమంలో వెతికి పట్టుకోలేం. కాబట్టి మొదటిసారి తెరిచేవాళ్లు సంప్రదింపు గ్రంథంలా వాడబోకండి. ‘కంటిన్యువల్’ తీసి చదవండి, తర్వాత ‘మ్యూచువల్’, తర్వాత ‘డిఫరెన్షియేషన్’. ఒక వ్యాసంలో కనబడిన పేరు పట్టుకుని మరొకదానికి వెళ్లండి. ‘ఎలిగెంట్ వేరియేషన్’ పెద్దది, దానికి తీరిక ఉన్న సాయంత్రం కావాలి. ఆరోజు చదివిన దినపత్రిక పక్కన పెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది.